ఆ పిల్లలకి ఏమీ రాదనకు

అమ్మాయ్,

నిన్న రాత్రి ఫోన్లో నువ్వన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "కొత్తగా వచ్చిన ఆరుగురు నర్సుల్లో ఒక్కదానికీ ఏమీ రాదమ్మా, బీఎస్సీ ఎలా పాసయ్యారో ఏమో!" నాకు నవ్వొచ్చింది. ఇంచుమించు ఇదే గొంతుతో మీ బ్యాచ్ గురించి నేను మా మేట్రన్ గారి దగ్గర మొత్తుకున్నాను. ఆవిడ కేస్ షీట్లు సర్దుకుంటూనే, "నువ్వొచ్చిన కొత్తలో గ్లౌజులు ఏది కుడో ఏది ఎడమో చూసుకుంటూ నిలబడేదానివి" అన్నారు. అంతే, ఇంకేం మాట్లాడలేదు.

నువ్వు బెజవాడ సూర్యారావుపేట ఆస్పత్రిలో ఇన్‌ఛార్జ్ సిస్టర్‌వి అయి నెల కూడా కాలేదు. ఇప్పుడు నీ దగ్గరకొచ్చే ప్రతి పిల్లనీ నీతో పోల్చుకుంటావు. అదీ ఇవాళ్టి నీతో, పదేళ్ళ సర్వీసున్న నీతో. ముందు అది మానుకో. నర్సు మెట్టుమెట్టుగా ఎలా ఆరితేరుతుందో చెప్పే బెన్నర్ సిద్ధాంతాన్ని ఎమ్మెస్సీలో పరీక్ష కోసం బట్టీ కొట్టావు కదా, దాన్ని ఒకసారి వార్డులో నిలబడి గుర్తుచేసుకో. 1984లో ఆవిడ చెప్పిన ఐదు మెట్లలో, కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన నర్సు ఉండేది రెండో మెట్టు మీద. సమర్థురాలు అనిపించుకునే మూడో మెట్టు ఎక్కేది ఒకే తరహా వార్డులో రెండు మూడేళ్ళు చేశాకే. మరి నువ్వేం చేస్తున్నావు? స్టాఫ్ చాలడం లేదని ఒక వారం మెడికల్, ఒక వారం సర్జికల్, మధ్యలో రెండు రోజులు క్యాజువాలిటీ. ఎక్కడా కుదురుకోనివ్వకుండా తిప్పి, ఏమీ రాలేదంటే ఎలా వస్తుంది?

చేతి పని గురించి ఎక్కువ బెంగ పెట్టుకోకు. సెలైన్ కోసం నరంలోకి గుచ్చే గొట్టం, అదే క్యాన్యులా, పెట్టడం చేసిన కొద్దీ వస్తుంది. చదువుకునేటప్పుడు ఆస్పత్రిలో చేసే క్లినికల్స్‌లో ఒక బెడ్ చుట్టూ పదిమంది మూగితే ఒక్కరి చేతికి దక్కుతుంది పని, మిగతా తొమ్మిదిమందీ నోట్ బుక్కులో రాసుకుంటారు. ఆ లోటు నీ వార్డులోనే తీరాలి. రెండుసార్లు గుచ్చి దొరక్కపోతే మూడోది గుచ్చకుండా సీనియర్‌ని పిలవాలని మొదటి రోజే చెప్పు. పిలిచిన పిల్లని మెచ్చుకో. ఎవరూ చూడకుండా నాలుగుసార్లు గుచ్చి, చివరికి బాగా సన్నగా ఉండే 24 నంబరు పసుపుది పెట్టి "అయిపోయింది మేడమ్" అనే పిల్ల మీద కన్నేసి ఉంచు. పని అయినట్టే కనిపిస్తుంది, సాయంత్రం రక్తం ఎక్కించాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది.

లెక్కల్లో ఈ పిల్లలు మనకంటే గట్టివాళ్ళు. 500 ఎం.ఎల్. సెలైన్ నాలుగు గంటల్లో వెళ్ళాలి, ఎం.ఎల్.కి 20 చుక్కల సెట్, నిమిషానికి ఎన్ని అని అడుగు, ఠక్కున 42 అంటారు. ముసలాయన చెయ్యి మడిచి నిద్రపోతే ఆ 42 కాస్తా సున్నా అవుతుందని వాళ్ళకి ఇంకా తెలీదు. అది బెడ్ పక్కనే తెలుస్తుంది.

నీకొక సంగతి చెప్పాలి. ఇది నేనెవరికీ గొప్పగా చెప్పుకునేది కాదు. చాలా ఏళ్ళ కిందట నేనొక మెడికల్ వార్డుకి ఇన్‌ఛార్జ్‌ని. కొత్త పిల్ల చేరి నాలుగో రోజు. (ఆ పిల్ల నువ్వు కాదులే, కంగారుపడకు.) జ్వరంతో చేరిన ఒక నడివయసు మనిషికి వైటల్స్ చూసి టీపీఆర్ (జ్వరం, నాడి, శ్వాస) చార్టులో రెస్పిరేషన్, అంటే నిమిషానికి తీసే శ్వాసలు, 32 అని రాసింది. అంతకుముందు మూడు షిఫ్టుల్లోనూ 20, 20, 20. నేను అందరి ముందూ "వాచీ చూసి లెక్కపెట్టావా, గోడ చూసా? వెళ్ళి మళ్ళీ చూడు" అని కసిరాను. పోయింది. చాలాసేపు ఆ మంచం దగ్గరే నిలబడి వచ్చింది. కళ్ళనిండా నీళ్ళు, మాట మాత్రం మారలేదు: "ముప్పై రెండేనండీ." విసుక్కుంటూ లేచి వెళ్ళాను. చాతీ మీద చెయ్యి పెట్టి నిమిషం నిండా లెక్కపెట్టాను. 34. మామూలు మనిషికి 12 నుంచి 20 దాకా ఉండాల్సింది. డాక్టరు గారిని పిలిచాం, ఎక్స్‌రేలో న్యుమోనియా, వెంటనే ఐసీయూ. పది రోజులకి ఆయన నడిచి ఇంటికెళ్ళాడు, అది మా అదృష్టం. ఆ మూడు ఇరవైలూ సర్వీసున్నవాళ్ళు చూడకుండా రాసినవి. అందులో ఒకదాని కింద సంతకం నాదే.

అప్పుడు నన్ను ఎవరైనా అడిగి ఉంటే ఆ పిల్లకి "యావరేజ్" అని రాసి ఉండేదాన్ని. నెమ్మది, బెరుకు, నాలుగు మాటలు కలిపి చెప్పలేదు. అవన్నీ నిజమే. కానీ ఆ రోజు వార్డులో రోగిని నిజంగా చూసింది తనొక్కతే.

అందుకే "వచ్చా?" అని ఎప్పుడూ అడగకు. ఎవరైనా "వచ్చు మేడమ్" అనే అంటారు. "చూపించు" అను. ఇన్సులిన్ ట్రే ముందు పెట్టు. ఎం.ఎల్.కి 100 యూనిట్ల వయల్, దాని పక్కన కావాలనే ఎం.ఎల్.కి 40 యూనిట్ల లెక్కన గీతలుండే ఎర్ర మూత సిరంజీ, 100 లెక్కన ఉండే నారింజ మూత సిరంజీ రెండూ ఉంచు. పది యూనిట్లు తియ్యమను. ఎర్ర మూతది తీసుకుని పది గీత దాకా లాగిందంటే, రోగికి వెళ్ళేది పాతిక యూనిట్లు. ఆ పిల్ల వయల్ మీద అంకె చదువుతుందా, చదివి ఆగుతుందా, ఆగి నీ ముఖం చూస్తుందా, నేరుగా లాగేస్తుందా చూడు. ఆగిన పిల్లకి మిగతావన్నీ నేర్పొచ్చు.

తప్పు చేస్తే తిట్టొద్దని నేను చెప్పను, నేనే బోలెడు తిట్టాను. రోగి తాలూకు వాళ్ళ ముందు మాత్రం వద్దు. మన బెజవాడలో రోగి వెంట వచ్చేవాళ్ళ సంగతి నీకు తెలుసు, మరుక్షణం నుంచి "ఈ సిస్టర్ వద్దు, ఆ సిస్టర్‌ని పిలవండి" మొదలవుతుంది. అంతకంటే చెడ్డది ఇంకోటుంది. ఒకసారి అవమానపడ్డ పిల్ల రెండోసారి తప్పు జరిగితే నీకు చెప్పదు. ఇవ్వని డోసు ఇచ్చినట్టు టిక్ పెట్టేస్తుంది. పొద్దున వచ్చి "మేడమ్, రెండు గంటల యాంటీబయాటిక్ మర్చిపోయాను" అని చెప్పిన పిల్లని కూర్చోబెట్టి, డాక్టరుకి తెలియజేసి, తనచేతే రిపోర్టు రాయించు. ఆ పూట నీ బీపీ పెరుగుతుంది, పెరగనీ.

షిఫ్టు మారేటప్పుడు చేసే హ్యాండోవర్‌లో కొత్తవాళ్ళు చార్టు చూసి చదివేస్తారు, బెడ్ నంబరు, డయాగ్నోసిస్, ఐవీ, యూరిన్ అవుట్‌పుట్ అంటూ. పూర్తయ్యాక ఒక్క ప్రశ్న వెయ్యి: "ఈ షిఫ్టులో నీకు ఎవరి మీద భయంగా ఉంది?" మొదటి వారం నీళ్ళు నములుతారు. మూడో వారానికి "పన్నెండో బెడ్ ఆయన పొద్దున్నుంచి అదోలా ఉన్నాడు మేడమ్" అని ఒకమ్మాయి అంటుంది. అదోలా అంటే ఏమిటో తనకీ తెలీదు. తనతో పాటు లేచి వెళ్ళి చూడు.

ఇక ఆర్నెల్ల అప్రైజల్ ఫారం. నర్సుల సామర్థ్యం కొలిచే ఫిన్లాండ్ వాళ్ళ కొలబద్దలో 73 అంశాలుంటాయి, ముప్ఫై మంచాల వార్డులో నీకంత తీరికెక్కడిది? అయితే దాన్ని నర్సూ నింపుకోవచ్చు, పైవాళ్ళూ నింపొచ్చు, ఆ పద్ధతి నాకు నచ్చింది. నీ ఫారం కూడా ముందు ఆ పిల్లనే నింపమను, నువ్వు విడిగా నింపు, తర్వాత రెండూ పక్కన పెట్టుకుని తేడా ఉన్న చోట మాట్లాడుకోండి. గుడ్, యావరేజ్ అని రాసేచోట తేదీ వేసి జరిగింది రాయి. ఆర్నెల్లూ జేబులో చిన్న పుస్తకం ఉంచుకుంటే తప్ప అది కుదరదు. లేకపోతే చివరి వారంలో జరిగిందే గుర్తుంటుంది, అదీ చెడ్డదే.

వచ్చే ఆదివారం నీకు ఆఫ్ అన్నావుగా. గుంటూరు బస్సెక్కి పదకొండింటికల్లా రా, గోంగూర పప్పు చేస్తాను. వచ్చేటప్పుడు ఈ నెల రోస్టర్ ఫోటో తీసుకురా. కొత్తవాళ్ళని ఇద్దరిద్దర్ని కలిపి నైట్ వేశావని నాకు అనుమానంగా ఉంది.

ఆశీస్సులతో,
మీ పాత ఇన్‌ఛార్జ్ సిస్టర్
బ్రాడీపేట, గుంటూరు