టెక్ సందేహాలు: రొటేషన్ తర్వాత నా డెక్ ఎందుకు ఓడిపోతోంది?

కార్డు గేమ్‌లలో కొత్త సెట్ వచ్చి పాత సెట్లు ఫార్మాట్ (ఏ సెట్ల కార్డులు చెల్లుతాయో చెప్పే ఆట పద్ధతి) నుంచి బయటికి పోవడమే రొటేషన్. అది జరిగిన ప్రతిసారీ, కట్టుకున్న డెక్ (కార్డుల కట్ట) ఓడిపోతోందని ఈ శీర్షికకు ఒకే ఫిర్యాదు వస్తుంది. మాటలు వేరు, గోడు ఒకటే. అందుకే ఈసారి కార్డు గేమ్‌ల ప్రశ్నలే తీసుకున్నాను.

ప్రశ్న: మ్యాజిక్ కార్డు గేమ్ యాప్ ఎరీనాలో నా స్టాండర్డ్ (ఇటీవలి సెట్లే చెల్లే ఫార్మాట్) డెక్‌లో ఒక్క కార్డూ మార్చలేదు. ఏ కార్డు మీదా రాత మారలేదు. రొటేషన్ అయిన వారం నుంచి మాత్రం వరసగా ఓడిపోతున్నాను. యాప్ లోపల ఏదో మతలబు చేస్తోందని అనుమానం. ఎలా పట్టుకోవాలి?

మతలబు ఏమీ లేదు. కార్డు బలంలో సగమే దాని మీద రాసి ఉంటుంది. మిగతా సగం అదే ఫార్మాట్‌లో చెల్లే ఇతర కార్డులు ఇచ్చేది. డెత్‌రైట్ షామన్ అనే మ్యాజిక్ కార్డు సంగతి చూడండి. 2012లో వచ్చింది. ఒక్క మనాతో (కార్డులు దించడానికి ఖర్చయ్యే శక్తి) దిగుతుంది, గ్రేవ్‌యార్డ్‌లో (వాడేసిన కార్డుల కుప్ప) ల్యాండ్ (మనా ఇచ్చే కార్డు) ఏదైనా ఉంటే దాన్ని తీసేసి మనా ఇస్తుంది. అప్పటి స్టాండర్డ్‌లో ఆట మొదట్లోనే గ్రేవ్‌యార్డ్‌లోకి ల్యాండ్ చేరే దారి దాదాపు లేదు కాబట్టి ఆ మనా పెద్దగా అందేది కాదు. చాలా పాత సెట్లు కూడా చెల్లే మోడర్న్ ఫార్మాట్‌లో ఫెచ్ ల్యాండ్‌లు (తమను వదులుకుని డెక్‌లోంచి వేరే ల్యాండ్ తెచ్చేవి) చెల్లుతాయి. వాటిని వాడగానే అవే గ్రేవ్‌యార్డ్‌లోకి పోతాయి. దాంతో ఇదే షామన్ రెండో టర్న్‌కే మూడో మనా అందించడం మొదలుపెట్టింది. చివరికి 2014లో మోడర్న్‌లో, 2018లో ఇంకా పాత కార్డులు చెల్లే లెగసీలో బ్యాన్ చేశారు. కార్డు మీద అచ్చులో మాత్రం ఏమీ మారలేదు.

మీ డెక్‌కు జరిగింది ఇదే, కాకపోతే తిరగేసి. రొటేషన్ జాబితాలో మీ కార్డులు లేవని చూసుకుని నిశ్చింతగా ఉండిపోయారు. చూడాల్సింది ఎదుటివాళ్ల కార్డులు. చిన్న క్రీచర్లతో (దాడి చేసే జీవుల కార్డులు) దూకుడుగా వచ్చే డెక్‌లను అదుపులో పెట్టేది బోర్డు మొత్తాన్ని తుడిచేసే ఒకటి రెండు కార్డులే. అవి పోతే మీరు వాడకపోయినా దెబ్బ మీకే తగులుతుంది. ఇన్నాళ్లూ ఆ డెక్‌లను మీ దాకా రానివ్వకుండా ఆపింది ఆ కార్డులు పెట్టుకున్నవాళ్లు. రెండు రంగుల మనా ఇచ్చే ల్యాండ్‌లు పోయినా అంతే. మూడు రంగుల డెక్‌లు ఒక టర్న్ వెనకబడతాయి, ఒకే రంగు డెక్‌లు ఏ కొత్త కార్డూ లేకుండానే ముందుకొస్తాయి.

2023లో ఇంకో మార్పు వచ్చింది. అంతకుముందు సుమారు రెండేళ్లు చెల్లే స్టాండర్డ్ కార్డులకు గడువును మూడేళ్లకు పెంచారు. కార్డులకు ఆయుష్షు పెరిగిందని చాలామంది సంబరపడ్డారు. కానీ ఫార్మాట్‌లో సెట్లు పెరిగితే పోటీ కూడా పెరుగుతుంది. రెండేళ్ల గుంపులో నెగ్గుకొచ్చే మధ్యరకం కార్డుకు మూడేళ్ల గుంపులో డెక్‌లో చోటే దొరక్కపోవచ్చు.

మీరు ఆడేది ఒక్క గేమ్ మ్యాచా, మూడు గేమ్‌ల మ్యాచా అన్నది రాయలేదు. అసలు అడగాల్సింది అదే. మూడు గేమ్‌ల మ్యాచ్‌లో గేమ్‌కూ గేమ్‌కూ మధ్య మార్చుకోవడానికి 15 కార్డుల సైడ్‌బోర్డ్ ఉంటుంది. మొదటి గేమ్ ఓడినా తర్వాతి గేమ్‌కు సరైన విరుగుడు తెచ్చుకోవచ్చు. ఒక్క గేమ్ మ్యాచ్‌లో ఆ వీలు లేదు. పైగా అక్కడ యాప్ లోపల ఒకటికి మించి ఓపెనింగ్ హ్యాండ్లు (ఆట మొదట్లో చేతికొచ్చే కార్డులు) తీసి, ల్యాండ్‌ల పాళ్లు డెక్‌కు దగ్గరగా ఉన్నదాన్ని మీకు ఇస్తుంది. ఇది దాచిన విషయమేమీ కాదు, తయారీదారులే చెప్పారు. తక్కువ ల్యాండ్‌లతో నడిచే వేగమైన డెక్‌కు ఇది కలిసొస్తుంది. కార్డుల రాతను యాప్‌లోనే సవరించే ఆల్కెమీ ఫార్మాట్‌లోకి వెళ్లి ఆడుతుంటే మాత్రం రాత నిజంగానే మారి ఉండొచ్చు. పేరుకు ముందు ‘ఎ’ గుర్తు ఉన్న కార్డులను మళ్లీ చదవండి.

ప్రశ్న: పోకెమాన్ కార్డు గేమ్‌లో ఎక్స్ (మామూలువాటికన్నా బలమైన రకం) కార్డులతో బాగానే గెలుస్తాను. పాకెట్ యాప్‌లో అదే పద్ధతిలో ఆడితే నిమిషాల్లో ఓడిపోతున్నాను.

అది వేరే ఆట. అసలు గేమ్‌లో డెక్‌కు 60 కార్డులు, గెలవడానికి ఎదుటి పోకెమాన్‌లను పడగొట్టి తీసుకోవాల్సినవి ఆరు ప్రైజ్ కార్డులు. మామూలు ఎక్స్ పడిపోతే ఎదుటివారికి రెండు పోతాయి, అంటే వాళ్ల దారిలో మూడో వంతు. పాకెట్‌లో 20 కార్డుల డెక్, మూడు పాయింట్లకే గెలుపు. అక్కడ కూడా ఎక్స్ పడితే రెండు పాయింట్లు ఇచ్చేసినట్టే. ఇప్పుడు మూడింట రెండు వంతులు పోయాయి. అదే తరహా కార్డు, దాన్ని పోగొట్టుకోవడం మాత్రం రెట్టింపు ఖరీదు. యూ-గి-ఓ కార్డు గేమ్‌లో లైఫ్ 8000, దాని యాప్ డ్యూయల్ లింక్స్‌లోని స్పీడ్ డ్యూయల్‌లో 4000. అందుకే అక్కడ నేరుగా డ్యామేజ్ ఇచ్చే కార్డు విలువ పెరుగుతుంది. మ్యాజిక్‌లోని కమాండర్ ఫార్మాట్‌లో ఇది తలకిందులు. ఒక్కొక్కరికి 40 లైఫ్, మామూలుగా ముగ్గురు ప్రత్యర్థులు. మూడు డ్యామేజ్ ఇచ్చే లైట్నింగ్ బోల్ట్ 20 లైఫ్ ఆటలో భయపెడుతుంది. 120 లైఫ్ ముందు పెట్టి చూడండి. ఎంత సైజు ఆటకు డెక్ కడుతున్నారో ముందు చూసుకోండి.

ప్రశ్న: రొటేషన్ తర్వాత ఏ డెక్ బలంగా ఉందో ఆట మధ్యలోనే చూపించే ట్రాకర్ యాప్ లింకు ఒక గ్రూపులో దొరికింది. ఇన్‌స్టాల్ చేస్తే యాక్సెసిబిలిటీ అనుమతి అడిగింది. ఇచ్చాను. తర్వాత గేమ్ పాస్‌వర్డ్ కూడా అడిగింది. ఇవ్వొచ్చా?

వద్దు. ఇచ్చిన అనుమతి కూడా ఇప్పుడే వెనక్కి తీసుకోండి. ఈ వారం వచ్చిన ప్రశ్నలన్నిటిలో నన్ను భయపెట్టింది ఇదొక్కటే.

ఆండ్రాయిడ్‌లో యాక్సెసిబిలిటీ అనేది చూపు తక్కువగా ఉన్నవారికి, వేళ్లతో ఫోన్ వాడలేనివారికి పెట్టిన సదుపాయం. ఆ అనుమతి ఉన్న యాప్ తెర మీద కనిపించే రాత చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. గేమ్ తెర ఒక్కటే కాదు. మెసేజ్‌లో వచ్చిన ఓటీపీ, మెయిల్, చాలా బ్యాంకు యాప్‌లు కూడా అందులోకే వస్తాయి. అందుకే ఆండ్రాయిడ్ 13 నుంచి స్టోర్ బయట తెచ్చిన యాప్‌కు ఈ అనుమతి ఇవ్వబోతే సెట్టింగ్స్‌లో అడ్డు పడుతుంది. ఆ అడ్డు ఎలా తొలగించాలో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు యాప్ మీకు బొమ్మలతో చూపించి ఉంటే, అది ట్రాకర్ కాదు, దొంగ.

నిజమైన ట్రాకర్‌కు మీ గేమ్ పాస్‌వర్డ్ అక్కర్లేదు. కంప్యూటర్‌లో ఈ ట్రాకర్లు చేసేది గేమ్ తనంతట తాను రాసుకునే లాగ్ ఫైల్ చదవడం. ఎరీనాలో డీటెయిల్డ్ లాగ్స్ అనే ఆప్షన్ పెట్టింది ఇందుకోసమే.

ముందు యాక్సెసిబిలిటీ ఆపేయండి, తర్వాత యాప్ తీసేయండి. పోకుండా మొండికేస్తే ఫోన్‌ను సేఫ్ మోడ్‌లో పెట్టి, డివైజ్ అడ్మిన్ జాబితాలోంచి దాన్ని తొలగించి, మళ్లీ తీసేయండి. అప్పటికీ పోకపోతే ఫ్యాక్టరీ రీసెట్ తప్పదు. మెయిల్, గేమ్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో మార్చండి. ఇదే ఫోన్‌లో మారిస్తే కొత్తవి కూడా దానికి చూపించినట్టవుతుంది. మెయిల్‌కు రెండంచెల లాగిన్ పెట్టండి. బ్యాంకుకు ఫోన్ చేసి ఒక మాట చెప్పి ఉంచండి.

ఇదే ఊపులో మరికొందరు అడిగారు, కొత్త ఫార్మాట్‌కు కావాల్సిన కార్డులన్నీ ఉన్న అకౌంట్ ఎవరో అమ్ముతున్నారట. కొనకండి. అకౌంట్‌ను మొదట తెరిచిన మనిషి తన పాత మెయిల్, పాత కొనుగోలు రసీదులు చూపించి దాన్ని వెనక్కి తెచ్చుకోగలడు. అమ్మకం నిబంధనలకే విరుద్ధం కాబట్టి మీరు ఎవరికీ ఫిర్యాదు కూడా చేయలేరు.

ప్రశ్న: హార్త్‌స్టోన్‌లో స్టాండర్డ్ నుంచి పోయిన కార్డులను డస్ట్ (వేరే కార్డులు చేసుకోవడానికి వాడే పొడి) చేసేయాలా?

పాత కార్డులూ చెల్లే వైల్డ్ ఫార్మాట్ ఆడే ఉద్దేశం ఉంటే వద్దు. లెజెండరీ (అత్యంత అరుదైన రకం) కార్డు చేయడానికి 1600 డస్ట్, విరగ్గొడితే వచ్చేది 400. బలం తగ్గించిన కార్డుకు కొద్దిరోజుల పాటు పూర్తి డస్ట్ ఇస్తారు. రొటేషన్‌లో పోయిన కార్డుకు మామూలుగా అలా ఇవ్వరు.

అయినా మీ ప్రశ్న చదివితే కోపం మీ మీద రాలేదు. ఈ రకం యాప్‌లలో చాలావాటిలో కార్డును క్రాఫ్ట్ చేసే బటన్ ఎంత పెద్దగా మెరుస్తుందో! ఆ కార్డు ఎన్నాళ్లు చెల్లుతుందన్నది మాత్రం అదే తెర మీద కనిపించేలా పెట్టరు. వారంలో బయటికి పోయే కార్డుకైనా బటన్ అదే రంగులో ఉంటుంది. కాగితం కార్డు ఈ విషయంలో నయం. పోకెమాన్ కార్డుల మీద 2020 నుంచి కింది మూలన ఒక చిన్న అక్షరం అచ్చు వేస్తున్నారు. స్టాండర్డ్‌లో ఏ అక్షరాలు చెల్లుతాయో ప్రకటిస్తే చాలు, పిల్లలు కూడా తమ డెక్ తామే సరిచూసుకుంటారు. అంత చిన్న అట్టముక్క మీద పట్టింది ఫోన్ తెర మీద పట్టకపోవడానికి కారణం లేదు. డెక్ చెల్లదన్న సంగతి ఆడదామని నొక్కాక కాదు, అప్‌డేట్ దిగిన రోజే ఏ కార్డు పోయిందో పేరుతో సహా చెప్పాలి. క్రాఫ్ట్ బటన్ పక్కనే ఆఖరి తేదీ వేయాలి. ఆ తేదీ సర్వర్‌లో వాళ్ల దగ్గర ఎలాగూ ఉంది.