సెకండ్ మేట్ పరీక్షకు కూర్చుంటున్న మా అమ్మాయికి

తల్లీ,

నువ్వు ఓడ ఆఫీసర్ అయ్యే సెకండ్ మేట్ పరీక్షకు కూర్చుంటున్నావని మీ నాన్న చెప్పగానే ఎంత గర్వపడ్డానో! ఓడ దారి, దూరం కట్టే మెర్కేటర్ సెయిలింగ్ లెక్కలు కాలిక్యులేటర్‌లో చకచకా కొట్టేస్తున్నావని కూడా అన్నాడు. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్.

పద్ధతి నీకు తెలిసిందే. ఓడ పోయిన దూరాన్ని కోర్సు (ఓడ పోయే దిక్కు, డిగ్రీల్లో) కొసైన్‌తో గుణిస్తే అక్షాంశంలో తేడా వస్తుంది. నోరీస్ టేబుల్స్ అనే నావికుల లెక్కల పుస్తకంలో మెరిడియనల్ పార్ట్స్ (మెర్కేటర్ చార్ట్ మీద భూమధ్యరేఖ నుంచి ఆ అక్షాంశానికి ఉండే దూరం) చూసి, వాటి తేడాను కోర్సు టాంజెంట్‌తో గుణిస్తే రేఖాంశంలో తేడా వస్తుంది. ఓడ ఎక్కడుందో తేలిపోతుంది. రెండు చోట్లూ ముందే తెలిస్తే ఇదే లెక్క తిరగేసి కోర్సు, దూరం కడతాం.

నా భయమంతా భూమధ్యరేఖ దగ్గరే. రెండు అక్షాంశాలూ ఒకే వైపు ఉంటే మెరిడియనల్ పార్ట్స్ ఒకదాంట్లోంచి ఒకటి తీసెయ్యాలి, చెరో వైపు ఉంటే కలపాలి. ఇదెవరికి తెలియదంటావా? నేను చీఫ్ ఆఫీసర్‌గా ఉన్నప్పుడు ఆస్ట్రేలియా నుంచి శ్రీలంక వైపు వస్తున్నాం. 10 డిగ్రీల దక్షిణం, 90 తూర్పు నుంచి 5 ఉత్తరం, 80 తూర్పుకు కోర్సు కట్టమని కెప్టెన్ మా థర్డ్ ఆఫీసర్‌కి చెప్పారు. తెలివైన కుర్రాడు. టేబుల్‌లో 599, 298 సరిగ్గానే చూశాడు. కలపాల్సింది తీసేశాడు. 897 రావలసిన చోట 301 వచ్చింది. 326 డిగ్రీల కోర్సు 297 అయింది. 1,083 మైళ్ల దూరం 2,000 దాటింది. ఆ కోర్సు పట్టుకుంటే ఓడ మాల్దీవుల వైపు పోయేది. కాగితం మీద లెక్క ముత్యాల్లా ఉంది, అందుకే వాడికి అనుమానం రాలేదు. కెప్టెన్ అరవలేదు. చార్ట్ పరిచి, పారలల్ రూలర్ చేతికిచ్చి, ఆ రెండు చోట్లనూ గీతతో కలపమన్నారు. గీత పడగానే వాడి ముఖం పాలిపోయింది. ఆ రాత్రి భోజనానికి రాలేదు. నేనే ప్లేటు పట్టుకెళ్లి, తినేదాకా పక్కనే కూర్చున్నా.

అందుకని ముందు బొమ్మ గీయి. కోర్సు సుమారుగా ఎటో కంటితో చూసుకున్నాకే టేబుల్ తెరువు. టైమ్ లేదని సాకులు చెప్పావో, ఊరుకోను!

కోర్సు 90కి దగ్గరైతే, అక్షాంశంలో తేడాను కోర్సు సీకెంట్‌తో గుణించి కట్టే దూరాన్ని నమ్మకు. 88 డిగ్రీల దగ్గర కోణంలో 5 నిమిషాల తేడా (డిగ్రీలో పన్నెండో వంతు) వస్తే వెయ్యి మైళ్లకు 40 మైళ్లు పైనే పోతాయి. అక్కడ డిపార్చర్ (తూర్పు పడమరలుగా పోయిన దూరం) నుంచి దూరం కట్టు.

జీపీఎస్ ఉందిగా పెదనాన్నా అంటావు. ఈమధ్య గల్ఫ్‌లో, ఎర్ర సముద్రంలో సిగ్నల్ చెడగొడితే ఓడలు నేల మీద ఉన్నట్టు చూపిస్తోందట. నువ్వు అటే వెళ్తావేమోనని నాకు నిద్ర పట్టడం లేదమ్మా.

నా నోరీస్ కొరియర్‌లో పంపుతున్నా. వేళకు తిను. ఓరల్స్ ముందు రోజు ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి, ఆ భూమధ్యరేఖ లెక్క ఒకసారి నాకు చెప్పు.

మీ పెదనాన్న