యూరిక్ యాసిడ్ ఎక్కువైతే మతిమరుపు వస్తుందా? ముందు బీపీ మాత్ర చూడండి

మీ నాన్నగారికి 74 ఏళ్లు, రిపోర్టులో యూరిక్ యాసిడ్ 8.1 ఉంది, ఈమధ్య మతిమరుపు పెరిగింది, యూరిక్ యాసిడ్ తగ్గిస్తే జ్ఞాపకశక్తి తిరిగొస్తుందా అని అడిగారు. దానికి మందు మొదలుపెట్టేముందు ఆయన వేసుకునే బీపీ మాత్ర ఏదో చూడండి. మా ఇంట్లో అసలు సంగతి అక్కడే దొరికింది.

మల్కాజిగిరిలో మా అమ్మ మాతోనే ఉంటుంది. పాల ప్యాకెట్ల లెక్క క్యాలెండర్ గడుల్లో రాసుకునే మనిషి. అలాంటిది ఒకే తేదీ గడిలో మూడుసార్లు రాసి, తర్వాతి గడులు ఖాళీగా వదిలేసింది. పగలంతా మగతగా ఉండేది, నడుస్తుంటే తూలేది. టెస్టులో యూరిక్ యాసిడ్ 7.8 వచ్చేసరికి చుట్టాలంతా దాన్నే పట్టుకున్నారు. కందిపప్పు మానెయ్, టమాటా మానెయ్, పాలకూర ముట్టుకోకు అని ఒకటే ఫోన్లు. డాక్టరుగారు మాత్రం ఇంట్లో ఉన్న మాత్రల స్ట్రిప్పులన్నీ తెమ్మన్నారు.

బీపీ మాత్ర పేరు చివర ‘హెచ్’ అని ఉంది. అందులో హైడ్రోక్లోరోథయజైడ్ కూడా కలిపి ఉందన్నమాట. ఒంట్లో ఉప్పునీ నీటినీ మూత్రంలో బయటికి పంపే మందు అది. యూరిక్ యాసిడ్‌ని పెంచుతుంది, పెద్దవయసువాళ్లలో సోడియంని పడేస్తుంది కూడా. అమ్మకి సోడియం చూస్తే 124. ఉండాల్సింది 135 నుంచి 145. ఆసుపత్రిలో ఉంచి నెమ్మదిగా సరిచేశారు (గబగబా పెంచితే మెదడుకే ప్రమాదం), మాత్ర మార్చారు. మగత, తూలడం పోయాయి. షుగర్‌కి ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతోంది, దానివల్ల బి12 విటమిన్ తగ్గొచ్చు కాబట్టి అది కూడా చూశారు, అదీ తక్కువే. ఇంజెక్షన్లు ఇచ్చారు. ఇప్పుడు పాల లెక్క మళ్లీ తనే చూసుకుంటోంది. యూరిక్ యాసిడ్‌కంటూ విడిగా ఏ మందూ వాడలేదు.

యూరిక్ యాసిడ్‌కీ మెదడుకీ సంబంధమే లేదని నేను అనను. కానీ పరిశోధనలు ఒక్క మాట మీద లేవు. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో చేసిన అధ్యయనం 2009లో వచ్చింది. గుండె, రక్తనాళాల సమస్యల్ని లెక్కలోకి తీసుకున్నాక, యూరిక్ యాసిడ్ ఎక్కువున్నవాళ్లకి డిమెన్షియా (ముదిరే మతిమరుపు జబ్బు) ముప్పు తక్కువగా కనిపించింది. 2018లో ఫ్రాన్స్‌ నుంచి వచ్చినదాంట్లో అది తిరగబడింది, ఎక్కువున్నవాళ్లకే ముప్పు ఎక్కువ. మెదడుని కాపాడుతుందేమోనని పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) రోగుల్లో కావాలనే యూరిక్ యాసిడ్ పెంచి చూసిన ట్రయల్ ఫలితం 2021లో వచ్చింది, జబ్బు ఏమాత్రం నెమ్మదించలేదు. ఇలాంటప్పుడు జ్ఞాపకశక్తి కోసమని యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్ మొదలుపెట్టడం నాకు సరైనది అనిపించదు. బొటనవేలి కీలు వాచి భరించలేని నొప్పి వచ్చిందంటే గౌట్ (యూరిక్ యాసిడ్ కీళ్లలో పేరుకుని వచ్చే జబ్బు) కావచ్చు, అప్పుడు మాట వేరు.

తిండి విషయంలో లివర్, పాయా, హలీం, బీరు తగ్గించండి. పప్పు, ఆకుకూరలు మాన్పించకండి. వాటివల్ల గౌట్ పెరుగుతుందని తేలలేదు. అసలే ఆ వయసులో కండ కరిగిపోతుంటుంది.

సోడియం, క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), బి12, థైరాయిడ్ చేయించండి. చెవులు సరిగ్గా వినిపిస్తున్నాయో లేదో కూడా చూపించండి. అన్నీ బాగుండి మరుపు మాత్రం అలాగే ఉంటే, పంజాగుట్ట నిమ్స్‌లో న్యూరాలజీకి తీసుకెళ్లండి, జ్ఞాపకశక్తి పరీక్షలు తెలుగులోనే చేస్తారు. బీపీ మాత్రని మాత్రం మీ అంతట మీరు ఆపకండి. ఒకటి రెండు రోజుల్లోనే మనిషి తికమకపడిపోతున్నా, మగతలోకి జారుకుంటున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, ఆరోజే ఎమర్జెన్సీకి తీసుకెళ్లి సోడియం చూడమని అడగండి.