ఫుర్గాల్ మీద ప్రేమ కాదు, మాస్కో మీద మంట

"హత్య కేసులో అరెస్టయిన ఇనుము వ్యాపారి కోసం ఖబరోవ్‌స్క్ జనం నెలల తరబడి ఎందుకు రోడ్డెక్కారు?" అని అడిగారు. అప్పుడు నేను రష్యా తూర్పు కొసనున్న ఆ ఊళ్లోనే మెడిసిన్ చదువుతున్నాను. కరోనాకి విమానాలు ఆగిపోయి హాస్టల్లో ఇరుక్కుపోయిన బ్యాచ్ మాది. కాబట్టి గట్టిగానే చెప్తా: అది ఆ అరెస్టయిన మనిషి, అక్కడి గవర్నర్ సెర్గేయ్ ఫుర్గాల్ మీద ప్రేమ కాదు, మాస్కో మీద మంట.

ఆయనదీ మా లైనే. బ్లాగోవెష్చెన్స్క్‌లో డాక్టరీ చదివి, కొన్నేళ్లు వైద్యం చేసి, తర్వాత కలప, పాత ఇనుము వ్యాపారంలోకి దిగాడు. 2018 గవర్నర్ ఎన్నికల్లో రెండో రౌండ్‌కి ముందు, పదవిలో ఉన్న పాలక పార్టీ గవర్నర్ ష్పోర్ట్ "నా కింద డిప్యూటీగా రా" అంటే సరేనన్నాడు కూడా! జనం వింటేగా. దాదాపు 70 శాతం ఓట్లు ఈయనకే గుద్దారు. గెలిచాక సర్కారు యాట్‌ని, అదే విలాస పడవని, అమ్మకానికి పెట్టేసరికి ఇంకా మురిసిపోయారు. ఆ డిసెంబరులోనే ఫార్ ఈస్ట్ (రష్యా తూర్పు ప్రాంతాల) రాజధానిని ఖబరోవ్‌స్క్ నుంచి వ్లాదివొస్తోక్‌కి మార్చేశారు. రాజధాని తరలిస్తే ఎలా మండుతుందో మనవాళ్లకు వేరే చెప్పాలా?

2020 జూలై 9న ఆయన్ని పట్టుకుని మాస్కో జైలుకు తీసుకుపోయారు. తర్వాత ఓ శనివారం సరుకులకని బయటికొస్తే మురవ్యోవ్-అమూర్‌స్కీ వీధి నిండా జనమే. కార్లన్నీ హారన్లు కొడుతున్నాయి. లెనిన్ స్క్వేర్‌లో ఓ బామ్మ గింజల సంచీతో నిలబడి ఉంది. "పావురాలకు మేత వేయడానికొచ్చా" అంది. అనుమతి లేని సభ కదా, పోలీసులు అడిగితే చెప్పడానికి అదొక సాకు. వచ్చీరాని రష్యన్‌లో "ఆయన నిజంగానే చంపించి ఉంటే?" అన్నా. కస్సుమంది. "చంపించాడో లేదో ఇక్కడే, మా కళ్లముందే తేల్చమను. మేం ఓటేసిన మనిషిని అంత దూరం ఎత్తుకుపోవడమేంటి?" అని నా చేతిలోనూ గుప్పెడు గింజలు పోసింది. వీసా పోతుందేమోనని నాకు ఒకటే టెన్షన్. అయినా వేశా.

మన చానెళ్లకు రష్యా అంటే పుతిన్ ఒక్కడే. మమ్మల్ని పంపిన ఏజెంటుకైతే ఆ ఊరు చైనా సరిహద్దు పక్కనుందనే తెలియదు, "యూరప్ లైఫ్" అని ఊదరగొట్టాడు.

2023లో ఫుర్గాల్‌కి 22 ఏళ్ల శిక్ష వేశారు, అదీ మాస్కో పక్కన లూబెర్త్సీ కోర్టులో. తాను చేయలేదనే ఆయన చివరిదాకా అన్నాడు. ఆయన కుర్చీలో మాస్కో కూర్చోబెట్టిన దెగ్త్యరేవ్ 2024లో క్రీడల మంత్రి అయి మళ్లీ మాస్కోకే చెక్కేశాడు.