అంబులెన్స్ సిబ్బందిపై దాడి: ఏ సెక్షన్ వర్తిస్తుంది?

ప్రశ్న: నేను 108 అంబులెన్స్‌లో ఈఎంటీగా (అత్యవసర ప్రాథమిక చికిత్స అందించే సిబ్బందిగా) పనిచేస్తున్నాను. ఒక రోడ్డు ప్రమాద స్థలానికి వెళ్లినప్పుడు, ఆలస్యంగా వచ్చారంటూ అక్కడ గుమిగూడినవారిలో కొందరు మా పైలట్‌ను (డ్రైవర్‌ను) కొట్టారు. అడ్డువెళ్లిన నా చేతికీ గాయమైంది. ఫిర్యాదు చేయబోతే, చిన్న గొడవే కదా, రాజీ పడండని పోలీస్ స్టేషన్‌లో సలహా ఇచ్చారు. ఇలాంటి దాడికి ప్రత్యేకమైన శిక్ష లేదా?
- ఒక పాఠకుడు

జవాబు: ఉంది. అయితే మీ కేసు నిలబడడమూ నీరుగారిపోవడమూ ఎఫ్‌ఐఆర్‌లో ఏ సెక్షన్ రాస్తారన్న దానిపైనే ఆధారపడి ఉంటాయి. మామూలుగా గాయపరచిన నేరానికి, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 115(2) కింద ఏడాది వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. దర్యాప్తు, విచారణ పద్ధతులను నిర్దేశించే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత మొదటి షెడ్యూలు ప్రకారం, మేజిస్ట్రేటు ఉత్తర్వు లేనిదే పోలీసులు ఈ నేరాన్ని దర్యాప్తు చేయలేరు. పైగా ఇది రాజీకి వీలున్న నేరం. మీకు ఇచ్చిన సలహా దీన్ని దృష్టిలో పెట్టుకుని ఇచ్చినదై ఉండాలి.

అదే దాడిని విధుల్లో ఉన్న పబ్లిక్ సర్వెంట్‌పై (చట్టం దృష్టిలో ప్రభుత్వ సేవకుడిపై) జరిగినదిగా నమోదు చేస్తే పరిస్థితి పూర్తిగా మారుతుంది. విధులకు అడ్డుపడేందుకు దౌర్జన్యం చేస్తే న్యాయ సంహిత సెక్షన్ 132 కింద రెండేళ్ల వరకు, గాయపరిస్తే 121(1) కింద ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. గాయం తీవ్రమైనదైతే 121(2) కింద కనీసం ఏడాది, గరిష్ఠంగా పదేళ్లు. ఇవన్నీ వారంటు లేకుండా అరెస్టు చేయదగిన, బెయిలు హక్కుగా లభించని నేరాలు. వీటిలో రాజీకి అవకాశం లేదు. 2024 జూలై 1న కొత్త సంహిత అమల్లోకి రాకముందు, గాయపరచినందుకు ఐపీసీ 332 కింద గరిష్ఠ శిక్ష మూడేళ్లే.

చిక్కంతా మీరు పబ్లిక్ సర్వెంట్ అవుతారా అన్న దగ్గరే ఉంది. అగ్నిమాపక శాఖ ఉద్యోగి విషయంలో ఈ సందేహం రాదు. మీకు జీతమిచ్చేది ప్రభుత్వం తరఫున సేవలు నడిపే సంస్థ కాబట్టి, నిందితుల న్యాయవాది ఈ వాదన తప్పక లేవనెత్తుతారు. ఒకే ప్రమాద స్థలంలో, ఒకే మంట పక్కన నిలబడి పనిచేసే ఇద్దరిలో ఒకరికి దొరికే రక్షణ మరొకరికి సందేహాస్పదం కావడం అన్యాయమని నా దృఢమైన అభిప్రాయం. ఇంగ్లాండ్, వేల్స్‌లలో అత్యవసర సిబ్బందిపై దాడుల గురించి 2018లో చేసిన ప్రత్యేక చట్టం ప్రభుత్వ వైద్య సేవల కోసం నియమితులైన వారికి కూడా, వేతనం ఉన్నా లేకపోయినా, వర్తిస్తుంది. అందులోని గరిష్ఠ శిక్షను 2022లో ఏడాది నుంచి రెండేళ్లకు పెంచారు. మన చట్టమూ చేసే పనినే చూడాలి.

అంతవరకు మీకు మరో ఆధారం ఉంది. వైద్య సిబ్బందిపై హింసను నిరోధించేందుకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో చేసిన చట్టం పారామెడికల్ సిబ్బందిని కూడా పేర్కొంటుంది. దాని కింద మూడేళ్ల వరకు జైలు, 50,000 రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. పరికరాలు ధ్వంసమైతే కొనుగోలు ధరకు రెట్టింపు రాబట్టవచ్చు. ఆ చట్టం ప్రధానంగా ఆస్పత్రులను దృష్టిలో పెట్టుకుని రాసినది కాబట్టి, రోడ్డు మీద జరిగిన ఘటనకు వర్తించదనే వాదన రావచ్చు. అందుకే ఫిర్యాదులో ఆ చట్టాన్నీ, 121, 132 సెక్షన్లనూ కలిపి ప్రస్తావించండి.

ఆలస్యం చేయకుండా ప్రభుత్వాసుపత్రిలో గాయాన్ని ఎంఎల్‌సీగా (మెడికో-లీగల్ కేసుగా) నమోదు చేయించుకుని, వూండ్ సర్టిఫికెట్ (గాయాల ధ్రువపత్రం) కోసం దరఖాస్తు చేయండి. కాల్ వచ్చిన సమయం, అక్కడికి చేరిన సమయం చూపే రికార్డును మీ సంస్థ నుంచి లిఖితపూర్వకంగా కోరండి. ఆలస్యమన్న ఆరోపణకు అదే జవాబు. స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ రాయకపోతే, సురక్షా సంహిత సెక్షన్ 173(4) ప్రకారం ఫిర్యాదును లిఖితపూర్వకంగా పోస్టులో జిల్లా ఎస్పీకి పంపవచ్చు. అప్పటికీ ఫలితం లేకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు.