ఇంట్లో వెండి పోత: టార్చ్ కొనేముందు కొలిమి సంగతి చూసుకోండి

మీరు అడిగినవి మూడు. మైనపు పోతతో వెండి నగలు ఇంట్లో చేసుకోవచ్చా, వీడియోల్లో చూసినట్టు ఒక గ్యాస్ టార్చ్ కొంటే సరిపోతుందా, ఇంట్లో పడున్న పాత పట్టీలు కరిగించి మీ అక్కకి మెట్టెలు చేయొచ్చా. మొదటిదానికి అవును, రెండోదానికి సరిపోదు, మూడోదానికి వద్దు అని నా జవాబు. మాది రాజమండ్రి. డాబా మీద రేకుల షెడ్డులో కొన్నేళ్ళుగా ఉంగరాలు, లాకెట్లు, మెట్టెలు ఈ పద్ధతిలోనే చేస్తున్నాను కాబట్టి చేతికి తెలిసినది చెప్తాను.

వీడియోల్లో ఎక్కువసేపు చూపించేది మంట, ఎర్రగా తిరిగే వెండి. పని మొత్తంలో ఆ ఘట్టం ఐదు పది నిమిషాలు. పోత కుదిరిందా చెడిందా అన్నది అంతకు చాలా ముందే, మైనం దగ్గరా అచ్చు కాల్చే దగ్గరా తేలిపోతుంది. మైనంతో నగ చెక్కుతాం. దానికి మైనపు కాడ అతికిస్తాం, దాన్నే స్ప్రూ అంటారు. స్టీలు గొట్టంలో నిలబెట్టి జిప్సం, సిలికా కలిసిన ఇన్వెస్ట్‌మెంట్ పౌడర్ నీళ్ళతో కలిపి పోస్తాం. గట్టిపడ్డాక కొలిమిలో మైనాన్ని కాల్చేస్తే లోపల నగ ఆకారంలో ఖాళీ మిగులుతుంది. వెండి వెళ్ళేది ఆ ఖాళీలోకే. మైనం మీద గోరు గీత ఉంటే వెండి మీదా అదే గీత వస్తుంది. మైనం మీద ఆకురాయి ఒక్కసారి తిప్పితే పోయే గీత, వెండి మీద అరగంట పని.

అందుకని మొదటి రోజుల్లో మైనంతోనే గడపండి. చెక్కడానికి గట్టి మైనం పలకలుగా, ఉంగరాలకైతే గొట్టాలుగా దొరుకుతుంది. సాధారణంగా ఆకుపచ్చది బాగా గట్టి, ఊదా రంగుది మధ్యస్థం, నీలం కాస్త వంగే రకం. సన్నని నగిషీకి ఆకుపచ్చది, మామూలు ఉంగరానికి ఊదా రంగుది నాకు నచ్చుతాయి. మన ఎండల గురించి వీడియోల్లో ఎవరూ చెప్పరు. మే నెలలో మధ్యాహ్నం రేకుల కింద కూర్చుంటే సన్నగా తీసిన మైనం చేతి వేడికే వంగుతుంది, ఆకురాయి పళ్ళు నిండా మైనం అంటుకుంటుంది. నేను ఎండాకాలం మైనం పనంతా తెల్లవారుజామునే ముగించుకుంటాను.

మైనం పూర్తయ్యాక కాడతో సహా తూచండి. గ్రాములో వందో వంతు చూపించే చిన్న తూకం చాలు. వెండి సాంద్రత మైనానికి దాదాపు పదిన్నర రెట్లు, కాబట్టి మైనం 1.2 గ్రాములుంటే వెండి 12.6 గ్రాములు కావాలి. దాని మీద, అచ్చు నోట్లో నిలిచే ముద్ద కోసం ఇంకో ఎనిమిది పది గ్రాములు కలుపుకోండి. ఆ ముద్ద వృథా కాదు, మళ్ళీ కరిగించుకోవచ్చు. 12వ శతాబ్దంలో పశ్చిమ చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడి పేరున వచ్చిన మానసోల్లాసంలోనూ ఈ లెక్క ఉంది. మైనానికి ఇత్తడి, రాగి ఎనిమిది రెట్లు, వెండి పన్నెండు రెట్లు, బంగారం పదహారు రెట్లు తీసుకోమంటుంది. ఆ పన్నెండు రెట్ల మాట ఇవాళ నా తూకం మీద కూడా దాదాపు నిలబడుతుంది. ఈ పని చేసేటప్పుడు నాకు ఎంతో సంతోషం కలిగించే సంగతుల్లో ఇదొకటి.

స్ప్రూ గురించి కొంచెం ఓపిగ్గా చదవండి, ఎక్కువ పోతలు ఇక్కడే చెడతాయి. వెండి గట్టిపడేటప్పుడు కుంచించుకుపోతుంది. సన్నని చోట ముందు గడ్డకట్టి, లావు చోట చివర గడ్డకడుతుంది. చివర గడ్డకట్టే చోటికి ఇంకా కరిగి ఉన్న వెండి అందకపోతే అక్కడ స్పాంజిలా చిన్న చిన్న రంధ్రాలు పడతాయి. కాబట్టి కాడని నగలో అన్నిటికన్నా లావు భాగానికి అతికించాలి, కాడ ఆ భాగం కన్నా సన్నగా ఉండకూడదు. ఉంగరానికైతే రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్ల కాడ సరిపోతుంది. అతుకు దగ్గర నొక్కు పడకుండా వేడి సూదితో నున్నగా కలపండి. అక్కడ పదునైన అంచు ఉంటే, దూసుకొచ్చే వెండి ఆ అంచుని విరగ్గొట్టి ముక్కని నగలోకి మోసుకెళ్తుంది. గొట్టం గోడకీ మైనానికీ మధ్య కనీసం అర సెంటీమీటరు, అడుగున సెంటీమీటరుకి పైగా జాగా వదలండి.

ఇన్వెస్ట్‌మెంట్ పౌడర్ కలిపేటప్పుడు ఎన్‌95 మాస్కు తప్పనిసరి. అందులో సగం పైన సన్నని సిలికా ఉంటుంది. ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిన సిలికా బయటికి రాదు, రాతి క్వారీ కార్మికులకి వచ్చే సిలికోసిస్ జబ్బు దీని వల్లనే. పిల్లలు తిరిగే గదిలో ఆ సంచీ విప్పకండి. కొలత సాధారణంగా వంద గ్రాముల పొడికి నలభై మిల్లీలీటర్ల నీళ్ళు, ప్యాకెట్ మీద వేరేగా రాసుంటే అదే పాటించండి. పలచని దోసె పిండిలా వస్తుంది. నీళ్ళు తగిలిన క్షణం నుంచి చేతిలో ఉండేది ఎనిమిది తొమ్మిది నిమిషాలే. ఎండాకాలం ట్యాంకు నీళ్ళు వాడితే అది ఇంకా త్వరగా బిగుసుకుపోతుంది, కుండ నీళ్ళు వాడండి. గాలి బుడగలు తీయడానికి వ్యాక్యూమ్ పంపు ఉంటే మంచిది. లేకపోతే ముందు మెత్తటి కుంచెతో మైనం అంతా ఒక పూత పూసి, తర్వాత గొట్టం ఒక పక్క నుంచి నెమ్మదిగా పోస్తూ బల్లని తడుతూ ఉండండి. మైనానికి అంటుకుని మిగిలిన ప్రతి బుడగా నగ మీద ఒక వెండి గుండు అవుతుంది. పోశాక రెండు గంటలు కదపొద్దు.

ఇక కొలిమి. నేను చెప్పేది వేడిని అదుపు చేసే కంట్రోలర్ ఉన్న కరెంటు కొలిమి గురించి. చిన్న గొట్టానికి నేను పాటించేది అందరూ వాడే ఐదు గంటల పద్ధతి: 150 డిగ్రీల దగ్గర గంట, 370 దగ్గర గంట, 730 దగ్గర రెండు గంటలు, తర్వాత పోత వేడికి దించి గంట. పోత వేడి అంటే లావు ఉంగరానికి 450 డిగ్రీల చుట్టూ, సన్నని జాలీ పనికి 550 దాకా. అచ్చు కాస్త తడిగా ఉండగానే కొలిమిలో పెట్టాలి. తడి ఆవిరై మైనాన్ని బయటికి నెడుతుంది. పూర్తిగా ఎండిన అచ్చులోకి మైనం ఇంకిపోతుంది. 750 డిగ్రీలు మాత్రం దాటనివ్వద్దు. జిప్సం అంటే కాల్షియం సల్ఫేట్. ఆ వేడి దాటాక, మైనం మసి కొంచెం మిగిలి ఉన్నా, అది విచ్ఛిన్నమై గంధక వాయువు వదులుతుంది. వెండికి గంధకం పడదని మీకు తెలుసు. నగ నల్లగా, గరుకుగా, చిల్లులతో బయటికి వస్తుంది. కంట్రోలర్ లేని బొగ్గుల కుంపటి మీద ఇది అదుపు చేయడం ఎంత కష్టమో ఆలోచించండి. కొలిమికి డబ్బు పెట్టమని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే.

కరెంటు సంగతి కూడా చూసుకోవాలి. ఈ పొడిలో ఉండే క్రిస్టోబలైట్ అనే సిలికా 200, 270 డిగ్రీల మధ్య ఒక్కసారిగా పరిమాణం మార్చుకుంటుంది. మధ్యలో కరెంటు పోయి అచ్చు అంత కిందికి చల్లారితే లోపల పగుళ్ళు వస్తాయి, మళ్ళీ వేడిచేసి పోస్తే నగ చుట్టూ రెక్కల్లాగా వెండి పొరలు వస్తాయి. కొలిమి తలుపు తెరవకుండా ఉంటే అరగంట కోతని తట్టుకుంటుంది. వానాకాలం ఉరుముల రోజున మాత్రం నేను మొదలుపెట్టను. మైనం కాలే పొగ విషం, అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. వంటింట్లో, మూసిన గదిలో కొలిమి పెట్టకండి. డాబా, పెరడు మంచివి.

కరిగించడానికి మూస (వెండి కరిగించే గిన్నె), వెలిగారం (బోరాక్స్), టార్చ్ కావాలి. ముప్పై నలభై గ్రాముల వెండిని గ్యాస్ టార్చ్ కరిగించేస్తుంది. మేలిమి వెండి 962 డిగ్రీల దగ్గర కరుగుతుంది. 7.5 శాతం రాగి కలిపిన 92.5 వెండి దాదాపు 890 దగ్గరే పూర్తిగా ద్రవమవుతుంది. పోయడానికి ఇంకో డెబ్భై ఎనభై డిగ్రీల వేడి ఎక్కువ చాలు, గంటసేపు కాల్చొద్దు. కరిగిన వెండి గాలిలోని ఆక్సిజన్‌ని తన పరిమాణానికి ఇరవై రెట్ల దాకా పీల్చుకుని, గడ్డకట్టేటప్పుడు వదిలేస్తుంది, చిల్లులు పడేది దాని వల్ల కూడా. వెలిగారం పైన పొరగా నిలవాలి, మంట పసుపు ఛాయ ఉండి మెత్తగా ఉండాలి. అచ్చులోకి వెండి తనంతట తాను సన్నని చోట్లకి వెళ్ళదు, నెట్టాలి. స్ప్రింగుతో తిరిగే సెంట్రిఫ్యూజ్, లేదా అచ్చు కింద నుంచి గాలి లాగే వ్యాక్యూమ్ వాడతారు. ఇంటికి నేను వ్యాక్యూమే మంచిదంటాను. సెంట్రిఫ్యూజ్‌కి చుట్టూ ఇనుప తొట్టి గోడ లేకపోతే వెండి చుక్కలు మనిషి మీదికి ఎగురుతాయి.

ముద్ద ఎర్రదనం పోయాక పది నిమిషాలాగి గొట్టాన్ని బకెట్ నీళ్ళలో ముంచితే అచ్చు పగిలి నగ బయటపడుతుంది. కళ్ళద్దాలు పెట్టుకోండి. ఆ సుద్ద నీళ్ళు సింకులో పోస్తే పైపు మూసుకుపోతుంది, తేరనిచ్చి పారేయండి. నగ మీది నల్లటి పొర పోవడానికి వేడి నీళ్ళలో నిమ్మ ఉప్పు కలిపి ఉంచితే చాలు. కంసాలుల ఇళ్ళలో చింతపండు, పటిక వాడేవారు, అవీ పనిచేస్తాయి. ఇనుప పటకారు మాత్రం అందులో ముంచకండి, వెండి మీద రాగి ఛాయ పూసుకుంటుంది. చివర కుంకుడుకాయ రసం, మెత్తటి బ్రష్.

పాత పట్టీలు ఎందుకు వద్దన్నానో ఇప్పుడు. పట్టీ నిండా టంకం అతుకులుంటాయి, ప్రతి గజ్జె దగ్గరా ఒకటి. పాత టంకాల్లో కాడ్మియం, జింకు ఉండే అవకాశం ఎక్కువ. కాడ్మియం పొగ పీలిస్తే ప్రాణం మీదికి వస్తుంది, అందులో రాజీ లేదు. ఆ వెండి శుద్ధత కూడా తెలియదు. తగరం, సీసం కొంచెం కలిసినా పోత పెళుసుగా వచ్చి మెట్టె వంచగానే విరుగుతుంది. పట్టీలు నమ్మకమైన దుకాణంలో మార్చుకుని, బులియన్ దుకాణంలో మేలిమి వెండి గుళికలు కొనండి. హైదరాబాద్ వాళ్ళయితే సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లో విచారించండి. అమ్మమ్మ పట్టీలన్న మమకారం ఉంటే వాటిని అలాగే ఉంచుకోవడం మేలని నా అభిప్రాయం.

ఇదంతా చదివి బెంగపడితే ఇంకో దారుంది. మైనం మీరే చెక్కి, పోత మటుకు నగల కాస్టింగ్ చేసే వర్క్‌షాపుకి ఇవ్వండి. గ్రాముల లెక్కన తీసుకుంటారు. నగ రూపం మీ చేతిదే కదా, అందులో తక్కువేమీ లేదు. కరిగించి పోసే అనుభవమే కావాలంటే మూలికల దుకాణంలో సముద్రపు నురుగు అడగండి. అది కటిల్‌ఫిష్ లోపలి ఎముక. సగానికి కోసి, రుద్ది చదును చేసి, నమూనాని మధ్యలో నొక్కి తీసి, రెండు సగాలూ తీగతో కట్టి వెండి పోయొచ్చు. కొలిమి అక్కర్లేదు. కాలేటప్పుడు వాసన ఘోరంగా ఉంటుంది, కానీ దాని అలల గీతలు నగ మీద ఎంతో అందంగా పడతాయి. మైనపు పోతని కళ్ళారా చూడాలంటే కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలం ఉషేగావ్ వెళ్ళండి. అక్కడి ఓజా కళాకారులు మట్టి దిమ్మ మీద మైనపు దారాలు చుట్టి, పైన మట్టి పూసి ఇత్తడి పోస్తారు. ఆదిలాబాద్ డోక్రా అని పిలిచే ఈ పనికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సుద్ద పొడి, పంపు ఏవీ లేకుండా ఆ చేతులు చేసే పని చూస్తే, మనకి పరికరాల కన్నా మైనం మీద పట్టు ఎంత ముఖ్యమో అర్థమవుతుంది.

మెట్టెలు ఎంచుకున్నారు, మంచి ఎంపిక. నోరు విడిగా ఉండే రకం చేయండి, కొలత అటూ ఇటూ అయినా వంచి సరిచేసుకోవచ్చు. మందం ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉంచండి. కాడని నోటికి ఎదురుగా, వెనక మధ్యలో అతికించండి. జత రెండూ ఒకే కాడ మొదలు నుంచి కొమ్మల్లా లేపి ఒకే అచ్చులో పోయండి, అప్పుడు రెండింటి వెండి, రంగు ఒకటిగా ఉంటాయి. కాడ అతికించాక, అచ్చులో పెట్టకముందు నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి. చూసి, మార్చాల్సినవి ఉంటే చెప్తాను.