నాలుగైదేళ్ల పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పేటప్పుడు వరుస కట్టించకండి

మీ కాలనీలో 4 నుంచి 6 ఏళ్ల లోపు పిల్లలు 12 మంది ఉన్నారని, ఆదివారం పొద్దున వారికి ఫుట్‌బాల్ నేర్పడం మొదలుపెట్టారని, పది నిమిషాలు గడవకముందే సగం మంది మట్టిలో ఆడుకోవడానికి పోతున్నారని, వారిని నిలిపి ఉంచే ఆటలేమైనా ఉంటే చెప్పమని అడిగారు. నేను కాజీపేటలో రైల్వే ఉద్యోగిని. ఆరేళ్లుగా మా క్వార్టర్ల వెనుక మైదానంలో ఈ వయసు పిల్లలతోనే ఆదివారాలు గడుపుతున్నాను. ఆటల సంగతి తప్పకుండా చెబుతాను కానీ, వాటికంటే ముందు చూసుకోవలసింది ఒకటుంది. పిల్లవాడు బంతి కోసం ఎంతసేపు ఎదురుచూస్తున్నాడన్నదే అది. ఆ ఎదురుచూపు ఎంత తగ్గితే పిల్లలు మైదానంలో అంతసేపు నిలుస్తారు.

ఈ విషయం నేను తప్పు చేసి తెలుసుకున్నాను. చిన్నప్పుడు మాకు పీఈటీ సారు నేర్పిన పద్ధతిలోనే నేర్పబోయి, 14 మంది పిల్లలను రెండు వరుసలుగా నిలబెట్టి, ముందున్న ఇద్దరికి చెరొక బంతి ఇచ్చి, ఇటుకల మధ్య నుంచి వంకరటింకరగా తీసుకుపోయి రమ్మన్నాను. ఒక్కొక్కరు పోయి రావడానికి ముప్పావు నిమిషం పట్టేది. అంటే వరుస చివరనున్న పిల్లకు వంతు రావాలంటే నాలుగున్నర నిమిషాలు ఆగాలి. మూడో ఆదివారం ఆ చివరనున్న పాప చతికిలబడి, మొరంలో వేలితో పెద్ద గుండ్రం గీసి, అందులో ఒక గులకరాయి పెట్టి, ఇంకో రాయితో దాన్ని అటూ ఇటూ తోస్తూ కనిపించింది. దగ్గరికి వెళ్లి "ఏం చేస్తున్నవమ్మా?" అని అడిగితే, తలెత్తకుండానే "బాల్ ఆట ఆడుతున్న సార్" అంది. ఆటంటే ఇష్టం లేక కాదు, బంతి లేక ఆ పాప కూర్చుందని అప్పుడు అర్థమైంది. మరుసటి ఆదివారం నుంచి నేను వరుస కట్టించలేదు.

కాబట్టి మొదటి నియమంగా ప్రతి పిల్లకూ ఒక బంతి ఉండాలి. పెద్దలు ఆడే 5వ సైజు బంతి వీరికి పనికిరాదు. దాని చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు 410 నుంచి 450 గ్రాములు ఉంటుంది. నాలుగేళ్ల పిల్లవాడు దాన్ని తన్నితే కాలు నొప్పి పుట్టడమే తప్ప బంతి కదలదు. 3వ సైజు తీసుకుని, గాలి కాస్త తక్కువగా కొట్టించండి. అలా కొట్టిస్తే బంతి ఎగిరి దూరం పోకుండా కాళ్ల దగ్గరే ఉంటుంది.

మా పిల్లలు అన్నిటికంటే ఎక్కువగా అడిగి ఆడేది సిగ్నల్ ఆట. రైళ్లను చూస్తూ పెరిగే పిల్లలు కాబట్టి వారికి దీన్ని వివరించవలసిన పని కూడా లేదు. అందరూ ఒక వైపు తమ తమ బంతులతో నిలబడతారు, నేను ఎదుటి వైపు ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గుడ్డలు పట్టుకుని నిలబడతాను. ఆకుపచ్చ ఎత్తితే బంతిని కాళ్లతో నడుపుకుంటూ రావాలి, పసుపు ఎత్తితే చిన్న చిన్న తాకులతో మెల్లగా రావాలి, ఎరుపు ఎత్తితే అరికాలు బంతి మీద పెట్టి ఆపాలి. ఒకడు తాను గోల్కొండ ఎక్స్‌ప్రెస్ అంటాడు, ఇంకొకతె భాగ్యనగర్ అంటుంది, కూతలన్నీ వారే వేసుకుంటారు. ఇక్కడ ఒక్కటి గుర్తుంచుకోండి: రంగును నోటితో చెప్పకూడదు, గుడ్డ మాత్రమే ఎత్తాలి. నోటితో చెబితే పిల్లవాడు తల దించుకుని బంతినే చూస్తూ ఉంటాడు, గుడ్డ ఎత్తితే రెండడుగులకొకసారి తలెత్తి చూడక తప్పదు. తలెత్తి ఆడటం పదిహేనేళ్ల కుర్రవాళ్లకు నేర్పాలంటే గొంతు పోతుంది, ఈ ఆటలో నాలుగేళ్ల పిల్లకు అది చెప్పకుండానే వస్తుంది. ఎరుపు చూడకుండా ముందుకు వచ్చినవారిని బయటికి పంపవద్దు. ఉన్నచోటే బంతి మీద కుడికాలు, ఎడమకాలు మార్చి మార్చి పదిసార్లు ఆనించి మళ్లీ బండి కదిలించమనండి. ఆ "శిక్ష" వల్ల కూడా బంతి మీద కాలు పడేదే కదా.

రెండోది తోరణాల ఆట. ఓరుగల్లు కోటలో నాలుగు దిక్కులా ఉన్న కీర్తి తోరణాలను మన పిల్లలందరూ చూసే ఉంటారు. రెండు నీళ్ల సీసాలను మీటరు ఎడంగా పెడితే ఒక తోరణం. మొదటి రోజు నాలుగు పెట్టి, తరువాత ఎనిమిదికి పెంచి, మైదానమంతా చెల్లాచెదురుగా ఉంచండి. ఒక నిమిషంలో బంతితో ఎన్ని తోరణాలు దాటారో ఎవరి లెక్క వారు పెట్టుకోవాలి. రెండోసారి ఆడేటప్పుడు పక్కవాడి లెక్కను కాకుండా తన మొదటి లెక్కను దాటాలి. మా దగ్గర ఒక పిల్లవాడు ఒకే తోరణం ముందుకూ వెనక్కూ దాటుతూ ఇరవై లెక్క చెప్పాడు. నియమం పెట్టనిది నేను కాబట్టి ఆ లెక్క ఒప్పుకుని, ఒకే తోరణాన్ని వెంటవెంటనే రెండుసార్లు దాటకూడదని ఆ తరువాత చేర్చాను. ఈ ఆటలో పిల్లలు ఖాళీ చోటును వెతకడం, ఎదురుగా ఎవరైనా వస్తే బంతిని పక్కకు తిప్పడం తమకు తామే నేర్చుకుంటారు.

నెలకొకసారి ఇదే ఆటను ఎడమ కాలితో ఆడిస్తాను. హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు 1950 నుంచి 1963 వరకు భారత జట్టుకు శిక్షకులుగా ఉండి, 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణాలు గెలిపించారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో జట్టు నాలుగో స్థానంలో నిలిచింది కూడా ఆయన హయాంలోనే. వృత్తిరీత్యా బడిపంతులైన ఆయన, బలం లేని కాలితోనే ఆడవలసిన పోటీలు పెట్టేవారని చదివినప్పటి నుంచి నాకూ ఆ అలవాటు అబ్బింది. ఈ వయసులో కుడి ఎడమలు తెలియవు కాబట్టి, ఎడమ బూటుకు ఎర్ర దారం కట్టి "ఎర్ర కాలు" అంటే చాలు.

బంతిని బలంగా తన్నడం నేర్పడానికి వాకిలి ఊడ్చే ఆట బాగుంటుంది. మధ్యలో ఒక తాడు పరిచి, అటు ఒక ఇల్లు, ఇటు ఒక ఇల్లు అనుకుని, తమ వాకిట్లోకి వచ్చిన బంతినల్లా అవతలి వాకిట్లోకి తన్నేయాలి. నిమిషానికి విజిల్ వేసి ఎవరి వాకిలి శుభ్రంగా ఉందో చూస్తే సరిపోతుంది. చలికాలం పొద్దున ఒళ్లు వేడెక్కడానికి, పాత చున్నీ పీలికలను నడుముకు దోపి ఒకరి తోక ఒకరు లాగే ఆట ఐదు నిమిషాలు ఆడించవచ్చు.

చాలామంది ఆడించే చెరువు, మొసలి ఆట విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండండి. పిల్లలు బంతులతో చెరువు దాటాలి, మధ్యలో ఉన్న మొసలి ఎవరి బంతిని తన్నేస్తే వారు అవుట్. ఆట మంచిదే, అవుట్ చేయడమే మంచిది కాదు. మొట్టమొదట అవుటయ్యేది బంతి మీద ఇంకా పట్టు రాని పిల్లే. అందరికంటే ఎక్కువసేపు బంతితో ఉండవలసిన ఆ పిల్లే అందరికంటే ఎక్కువసేపు గట్టు మీద కూర్చుంటుంది. అందుకని మా చెరువులో బంతి పోగొట్టుకున్నవారు పరుగెత్తి దాన్ని తెచ్చుకుని మళ్లీ ఒడ్డు నుంచి మొదలుపెడతారు.

చివరి పది నిమిషాలు మ్యాచ్ ఆడించకపోతే పిల్లలు ఊరుకోరు. 12 మందిని ఆరుగురి చొప్పున విడదీసి, రెండు చిన్న మైదానాల్లో ముగ్గురికి ముగ్గురుగా, గోల్‌కీపర్ లేకుండా ఆడించండి. పొడవు 20 మీటర్లు, వెడల్పు 15 మీటర్లు దాటనవసరం లేదు. బెల్లం ముక్కకు చీమలు పట్టినట్లు ఆరుగురూ బంతి చుట్టే మూగుతారు. మీరు "పాస్ ఇవ్వు" అని అరవకండి. ఇప్పుడిప్పుడే దొరికిన బంతిని వెంటనే ఇంకొకరికి ఇచ్చేయమనడం ఈ వయసు పిల్లకు తన బొమ్మను లాక్కున్నట్లే ఉంటుంది. ఏడెనిమిదేళ్లు వచ్చేసరికి ఆ గుంపు దానంతట అదే విడుతుంది.

తలతో కొట్టడం నేర్పవద్దు. అమెరికా ఫుట్‌బాల్ సంఘం 2015లోనే పదేళ్లు, అంతకంటే తక్కువ వయసు వారికి హెడింగ్ వద్దంది. ఇంగ్లండ్ సంఘం కూడా 2020లో ప్రాథమిక పాఠశాల వయసు పిల్లలకు శిక్షణలో హెడింగ్ ఉండకూడదని మార్గదర్శకాలు ఇచ్చింది. మన ఎండల సంగతి మీకు తెలిసిందే. మార్చి నుంచి జూన్ వరకు మేము ఆరింటికి మొదలుపెట్టి ఆరుంముప్పావుకల్లా ముగిస్తాం, పది నిమిషాలకొకసారి నీళ్లు తాగిస్తాం.

మీ 12 మందిలో ఆడపిల్లలు ఇద్దరే ఉన్నారని రాశారు. మా దగ్గర కూడా మొదట్లో అంతే. తల్లిదండ్రులను ఇంటికి వెళ్లి అడిగాను. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఆడిందని, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు వెళ్లిందని చెబితే, "మన దిక్కు పిల్లేనా సార్?" అని ఆశ్చర్యపోయిన తల్లి మరుసటి వారం కూతురిని తానే తీసుకొచ్చింది. ఇప్పుడు మా దగ్గర ఏడుగురు ఆడపిల్లలున్నారు.

ఇక మీ దగ్గర ఆరు బంతులే ఉన్నాయన్న ఇబ్బంది. కొత్తవి కొనేదాకా ఆగవలసిన పనిలేదు. ఇంట్లో ఉన్న రబ్బరు బంతి ఏదైనా తెమ్మనండి, మూడు నాలుగు అలాగే సమకూరుతాయి. అప్పటికీ తక్కువైతే, బంతి లేనివారిని కాళ్లు ఎడంగా పెట్టించి తోరణాలుగా నిలబెట్టండి. మిగతావారు వారి కాళ్ల మధ్య నుంచి బంతిని పంపి, అటు వైపు పరుగెత్తి అందుకుంటారు. నిమిషం కాగానే విజిల్ వేసి మార్చండి. మా దగ్గర ఇప్పుడు అందరికీ సరిపడా బంతులున్నా, తోరణంగా నిలబడతామని పిల్లలే ముందుకొస్తారు. తమ కాళ్ల కింది నుంచి బంతి దూరిపోతుంటే వారికి అంత సంబరం.